మేనమామ కారులో డాలీ: రింగ్‌గోల్డ్ నుంచి నాష్‌విల్ దాకా

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ఇక్కడ మనం చూపించేవి అందరికీ తెలిసినవే. నయాగరా, న్యూయార్క్, వాషింగ్టన్, మధ్యలో ఓ గుడి, ఓ ఔట్‌లెట్ మాల్. అట్లాంటా చుట్టుపక్కల ఉన్నవాళ్ళకయితే వీటికి తోడు స్మోకీ మౌంటెన్స్ తప్పదు. నాలుగు కుటుంబాలు కలిసి పిజన్ ఫోర్జ్‌లో పెద్ద క్యాబిన్ తీసుకోవడం, డిక్కీలో రైస్ కుక్కరు, పులిహోర డబ్బా, ఆవకాయ సీసా, రాత్రంతా పేకాట. అలా వెళ్ళినవాళ్ళలో చాలామంది అక్కడున్న డాలీవుడ్ అనే థీమ్ పార్కు గేటు ముందు ఫొటో దిగి, రోలర్ కోస్టర్లు ఎక్కి వచ్చేస్తారు. ఆ డాలీ ఎవరండీ అంటే "ఎవరో సింగర్ అంట, పెద్ద జుట్టు ఉంటది" అంటారు.

పెద్ద జుట్టు నిజమే. కానీ ఆ జుట్టు, ఆ మెరుపుల బట్టలు రాకముందు ఒక పదేళ్ళు ఉన్నాయి. కంట్రీ మ్యూజిక్ (అమెరికా పల్లెపాటల్లోంచి వచ్చిన సంగీతం) గాయని డాలీ పార్టన్ గురించి ఎక్కడ చదివినా, ఆ పాటల కంపెనీలన్నీ ఉండే ఊరు నాష్‌విల్ కాబట్టి, "హైస్కూల్ అయిన మర్నాడే బస్సెక్కి నాష్‌విల్ వెళ్ళింది, స్టార్ అయింది" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. అది నాకు నచ్చదు. ఆ బస్సుకి ముందు ఎనిమిదేళ్ళు పాడింది, ఆ బస్సు దిగాక మూడేళ్ళు పస్తులతో లాక్కొచ్చింది, ఆ మొత్తంలో ముప్పాతిక వంతు ఆమె మేనమామ బిల్ ఓవెన్స్ కారులోనే గడిచింది. ఆ దారి ఒకసారి చూడాలని ఎప్పటినుంచో అనుకుంటున్నా. అక్టోబరులో పిల్లలకి స్కూలు, మా ఆయనకి ఆఫీసులో రిలీజ్ టెన్షన్, ఇంట్లో కూర్చోలేక నాన్న రోజుకి పదిసార్లు మెయిల్ బాక్స్ దాకా వెళ్ళొస్తున్నాడు. సరే పద నాన్నా అని ఇద్దరం బయల్దేరాం.

నాన్నకి కంట్రీ మ్యూజిక్ అంటే ఏంటో తెలీదు. ఆయన టంగుటూరు దగ్గర పొగాకు రైతు. ఈ ప్రయాణంలో అది నాకు ఎంత పనికొచ్చిందో ముందు ముందు చెప్తా.

బుధవారం

ఐ-75 మీద పైకి వెళ్తే జార్జియా అయిపోయి టెన్నెసీ వస్తుందనగా రింగ్‌గోల్డ్ అని చిన్న ఊరు. ఛాటనూగా వెళ్ళే బండ్లన్నీ దాని పక్కనుంచే పోతాయి, దిగేవాళ్ళు తక్కువ. 1850 నాటి రాతి రైల్వే డిపో ఉంది, అంతర్యుద్ధంలో దెబ్బతిన్న చోట చిన్న రాళ్ళతో అతుకులు వేశారు, ఆ అతుకులు ఇప్పటికీ కొట్టొచ్చినట్టు కనపడతాయి. మేం ఆగింది దానికోసం కాదు.

1966 మే 30, సోమవారం, ఈ ఊరి బాప్టిస్ట్ చర్చిలో డాలీకీ కార్ల్ డీన్‌కీ పెళ్ళయింది. ఉన్నది డాలీ వాళ్ళమ్మ, పాస్టరు, పాస్టరు భార్య, అంతే. అప్పటికి డాలీ నాష్‌విల్‌లో మాన్యుమెంట్ రికార్డ్స్ అనే కంపెనీతో ఉంది. కంపెనీ పెద్ద ఫ్రెడ్ ఫాస్టర్, నిన్ను పైకి తేవాలని ఇంత చేస్తున్నాం కదా, పెళ్ళి ఒక ఏడాది ఆపుకో అన్నాడు. వీళ్ళు తలూపారు. కానీ పెళ్ళి మానలేదు. నాష్‌విల్‌లో చేసుకుంటే పేపర్లో పడుతుందని రాష్ట్రం దాటి ఇక్కడికొచ్చి గుట్టుగా కానిచ్చేశారు. తమాషా ఏంటంటే, నాష్‌విల్ కళ్ళు కప్పి వచ్చిన ఈ ఊళ్ళో మెయిన్ రోడ్డు పేరు నాష్‌విల్ స్ట్రీట్.

"పెళ్ళితో మొదలెట్టావేందమ్మా, పుట్టుక చెప్పకుండా?" అన్నాడు నాన్న.

"రోడ్డు అట్లా ఉంది నాన్నా, నేనేం చేసేది."

"మరి తండ్రి ఎందుకు రాలా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. నాన్న మాత్రం ఛాటనూగా దాటేదాకా దానిగురించే ఆలోచించాడు, ఆడపిల్ల పెళ్ళికి తండ్రి లేకపోవడం ఆయనకి మింగుడు పడలేదు.

సెవియర్‌విల్ వైపు తిరిగే 407 ఎగ్జిట్ దగ్గర బక్కీస్ అనే పెద్ద పెట్రోల్ బంకు ఉంది, 120 పంపులు. నాన్న బాత్రూములు చూసొచ్చి "మన ఊరి కల్యాణ మండపం కూడా ఇంత శుభ్రంగా ఉండదు" అని తేల్చేశాడు. అక్కడినుంచి పిజన్ ఫోర్జ్ దాకా ట్రాఫిక్ గురించి రాయకపోవడమే మంచిది. అక్టోబరులో ఆకులు రంగు మారతాయని సగం అమెరికా ఇక్కడే ఉంటుంది.

గురువారం

పొద్దున్నే సెవియర్‌విల్ కోర్టు. కోర్టు ముందు డాలీ కంచు విగ్రహం, జిమ్ గ్రే అనే శిల్పి చేసింది, 1987లో పెట్టారు. మన ఊళ్ళల్లో విగ్రహాలు చెయ్యెత్తి నిలబడి ఉంటాయి కదా, ఈమె బండరాయి మీద కూర్చుని ఉంటుంది, చేతిలో గిటారు, కాళ్ళకి చెప్పుల్లేవు. ఈ విగ్రహం గురించి ఆమె చాలాచోట్ల చెప్పిన సంగతి ఒకటుంది. వాళ్ళ నాన్న లీ పార్టన్ రాత్రిపూట ట్రక్కులో బకెట్టు, సబ్బునీళ్ళు, చీపురు వేసుకొచ్చి, పావురాల రెట్టలు కడిగి వెళ్ళేవాడట, కూతురికి చెప్పకుండా.

ఇది చెప్పగానే నాన్న మొహం వెలిగింది. "అదీ! పెళ్ళికి రాకపోతే ఏంలే" అన్నాడు. నిన్నటినుంచి ఉన్న కేసు కొట్టేశాడు.

లీ పార్టన్‌కి చదవడం రాయడం రాదు. మొదట కౌలుకి చేసేవాడు, తర్వాత సొంతంగా చిన్న పొగాకు చేను. పన్నెండుమంది పిల్లల్లో డాలీ నాలుగోది. 1946 జనవరి 19న లిటిల్ పిజన్ నది ఒడ్డున ఒంటిగది ఇంట్లో పుట్టింది. కాన్పు చేసిన డాక్టర్ రాబర్ట్ థామస్‌కి ఫీజుగా ఇచ్చింది ఒక బస్తా మొక్కజొన్న పిండి. ఆ డాక్టరు పేరుతో డాలీవుడ్‌లో చిన్న చర్చి కట్టారు, చాలామంది పక్కనున్న తినుబండారాల షాపుకి వెళ్తూ దాన్ని దాటేస్తారు. చదువురాని తండ్రిని చూసే డాలీ 1995లో ఈ కౌంటీ పిల్లలకి ఉచితంగా పుస్తకాలు పంపే కార్యక్రమం మొదలుపెట్టింది, ఇప్పుడది దేశాలు దాటింది.

విగ్రహం దగ్గర్నుంచి పిట్‌మన్ సెంటర్ వైపు వెళ్ళాం. లోకస్ట్ రిడ్జ్‌లో వాళ్ళు పెరిగిన అసలు ఇల్లు ఆ కొండల్లోనే ఉంది కానీ ప్రైవేటు స్థలం, చూడనివ్వరు. మేం వెతకలేదు కూడా. నది పక్కన రోడ్డు మీద పోతుంటే పొగాకు ఆరబెట్టే పాత చెక్క బ్యారన్ ఒకటి కనపడింది, పలకల మధ్య వేళ్ళు దూరేంత సందులు. నాన్న కారు ఆపమన్నాడు. కంచె బయట నిలబడి చాలాసేపు చూశాడు.

"వీళ్ళకి పొయ్యి లేదు చూడు" అన్నాడు.

మన ప్రకాశం జిల్లాలో వేసేది వర్జీనియా పొగాకు. అడుగు ఆకు నుంచి పైకి, పండిన ఆకులు పండినట్టు కోసి, కర్రలకి అల్లి, మూసిన బ్యారన్‌లో వేలాడదీసి, పొయ్యి పెట్టి గొట్టాల వేడితో రాత్రింబగళ్ళు కాపలా కాసి ఆరబెట్టాలి. వేడి ఎక్కువైతే ఆకు నల్లబడుతుంది, తక్కువైతే పచ్చి పోదు. ఆ వారం రోజులు మా ఇంట్లో నాన్న నిద్రపోయింది నేనెప్పుడూ చూళ్ళేదు. ఇక్కడ టెన్నెసీ కొండల్లో వేసేది బర్లీ. మొక్క మొత్తం నరికి, కర్రకి గుచ్చి, తలకిందులుగా వేలాడదీసి గాలికి వదిలేస్తారు, వారాల తరబడి. అందుకే ఆ సందులు. గాలి ఆడాలి. నేను నెట్‌లో చదివి తెలుసుకోవాల్సింది ఆయన కంచె బయట నిలబడే చెప్పేశాడు.

మధ్యాహ్నం డాలీవుడ్. టికెట్టు తక్కువేం కాదు, ఆ రైడ్లేవీ మేం ఎక్కేది లేదు, అయినా వెళ్ళాలి, ఒక్క ఇంటికోసం. లోకస్ట్ రిడ్జ్ ఇంటిని అచ్చుగుద్దినట్టు ఇక్కడ కట్టారు, కట్టింది ఆమె అన్న బాబీ, లోపల సర్దింది వాళ్ళమ్మ ఏవీ లీ. రెండు గదులు. గోడలకి గాలి రాకుండా పాత పేపర్లు అంటించి ఉన్నాయి. ముందు నిలబడ్డవాళ్ళు అందరూ ఒకటే లెక్క వేస్తుంటారు, ఇందులో ఇంతమంది ఎలా పడుకున్నారని.

నేను చూడాలనుకున్నది వరండా. చిన్నప్పుడు డాలీ వరండా చెక్కల సందులో ఒక పొగాకు కర్ర గుచ్చి, దాని కొసన ఖాళీ రేకు డబ్బా బోర్లించి, దాన్ని మైకు అనుకుని పాడేదట. ప్రేక్షకులు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, కోళ్ళు. తమ్ముళ్ళు లేచిపోయినా కోళ్ళు ఉండేవని ఆమే నవ్వుతూ చెప్తుంది. నాన్నకి ఈ కర్ర సంగతి చెప్తే వెంటనే చేత్తో కొలత చూపించాడు, ఇంత పొడవు, నాలుగున్నర అడుగులు, బొటనవేలంత మందం, చీల్చిన కర్రయితే నునుపు ఉండదు, పట్టుకుంటే చేతికి పేళ్ళు గుచ్చుకుంటాయి అని. మైకు పట్టుకున్నట్టు పట్టుకుని చూపించాడు కూడా. పక్కన ఫొటోలు దిగుతున్న అమెరికన్ ఆవిడ చప్పట్లు కొట్టింది.

మొదటి గిటారు కూడా ఇలాంటిదే. పాడైపోయిన మాండలిన్‌కి రెండు తీగలు బిగించుకుని మొదలుపెట్టింది. ఎనిమిదేళ్ళప్పుడు నిజమైన గిటారు కొనిచ్చింది మేనమామ. అక్కడ నాన్న ఆగాడు.

"మేనమామంటే, తల్లి తమ్ముడా?"

"అవును, బిల్ ఓవెన్స్."

"ఆయన గురించి చెప్పు."

శుక్రవారం

ఆయన గురించి చెప్పాలంటే నాక్స్‌విల్ వెళ్ళాలి. ఆ కొండల్లోంచి నాక్స్‌విల్ నలభై మైళ్ళుంటుంది, ఇప్పుడు గంట, 1956లో ఆ మట్టిరోడ్ల మీద ఎంతసేపో ఊహించుకోవచ్చు. బిల్ ఓవెన్స్ కూడా అప్పటికి కుర్రాడే. తనూ పాటలు కట్టేవాడు, గిటారు వాయించేవాడు, పైకి రావాలని తనకీ ఉండేది. కానీ మేనకోడలి గొంతు విన్నాక తన సంగతి పక్కనపెట్టి ఆ పిల్లని కారులో వేసుకుని తిరగడం మొదలుపెట్టాడు.

మొదట తీసుకెళ్ళింది కాస్ వాకర్ దగ్గరికి. ఈ కాస్ వాకర్ ఒక వింత మనిషి. కిరాణా షాపుల గొలుసు నడిపేవాడు, నాక్స్‌విల్ రాజకీయాల్లో ఉండేవాడు, 1956లో సిటీ కౌన్సిల్ మీటింగులో తోటి సభ్యుడి మీదికి పిడికిలి బిగించిన ఫొటో దేశమంతా తిరిగింది. తన షాపుల ప్రచారానికి తనే రేడియోలో, టీవీలో షో నడిపేవాడు. మధ్యమధ్య పాటలు, మిగతా అంతా ఈ వారం పప్పు ఎంత, పంది మాంసం ఎంత. డాలీ పదేళ్ళకే ఆ షోలో పాడింది, డబ్ల్యూఐవీకే రేడియోలో, డబ్ల్యూబీఐఆర్ టీవీలో. ఇంట్లో టీవీ లేని రోజుల్లోనే తను టీవీలో కనపడ్డానని ఆమె చెప్పుకుంటుంది. తర్వాత పెద్ద పేరొచ్చిన అన్నదమ్ముల జంట ఎవర్లీ బ్రదర్స్ కూడా ఇదే షోలో పాడారు, వాళ్ళు రాక్ అండ్ రోల్ వైపు పోతున్నారని వాకర్ పంపించేశాడు. కిరాణా కొట్టాయన ఎవర్లీ బ్రదర్స్‌ని ఉద్యోగం నుంచి తీసేయడం, ఇది నాకు ఎన్నిసార్లు తల్చుకున్నా నవ్వొస్తుంది.

నాన్నకి మాత్రం ఇందులో నవ్వేమీ కనపడలేదు. "సరుకు అమ్ముకోడానికి పాట పెట్టాడు, పిల్లకి నోరు తిరగడానికి చోటు దొరికింది, ఇద్దరికీ లాభమేగా" అన్నాడు.

గే స్ట్రీట్‌లో నడిచాం. ఆండ్రూ జాన్సన్ హోటల్ భవనం ఇంకా ఉంది, 1952 డిసెంబర్ 31 రాత్రి కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్‌ని ఇక్కడినుంచే కారులోకి ఎక్కించారు, తెల్లారేసరికి వెస్ట్ వర్జీనియాలో చనిపోయి ఉన్నాడు, ఇరవై తొమ్మిదేళ్ళు. మధ్యాహ్నం విజిటర్ సెంటర్లో డబ్ల్యూడీవీఎక్స్ అనే చిన్న రేడియో స్టేషన్ వాళ్ళ లైవ్ షో ఉంది, టికెట్టు లేదు, వెళ్ళి కుర్చీలో కూర్చోవడమే. బాంజో పట్టుకున్న ఒక ఇరవయ్యేళ్ళ అమ్మాయి, వెనక బేస్ వాయించే పెద్దాయన. పాటలు అయ్యాక ఆ పెద్దాయన వైర్లు చుట్టి, డబ్బాలు మోసి, వ్యాను దగ్గరికి తీసుకెళ్తుంటే నాన్న "ఆయన మేనమామేమో కనుక్కో" అన్నాడు. నేను కనుక్కోలేదు.

నాక్స్‌విల్ నుంచి నాష్‌విల్‌కి ఐ-40 మీద 180 మైళ్ళు. దారి పొడుగునా మిగతా కథ.

1959లో, పదమూడేళ్ళప్పుడు, డాలీ అమ్మమ్మతో కలిసి బస్సెక్కి లూసియానాలో లేక్ చార్లెస్ అనే ఊరికి వెళ్ళింది. ఒక రోజుకి పైగా ప్రయాణం. అక్కడ గోల్డ్‌బ్యాండ్ అనే చిన్న కంపెనీలో 'పపీ లవ్' అని మొదటి రికార్డు. మేనమామా, మేనకోడలూ కలిసి రాసిన పాట. ఎవరూ కొనలేదు. అదే ఏడాది నాష్‌విల్‌లో గ్రాండ్ ఓల్ ఓప్రీలో పాడే అవకాశం వచ్చింది. ఓప్రీ అంటే 1925 నుంచి నడుస్తున్న రేడియో కచేరీ, శనివారం రాత్రి ఆ స్టేజి ఎక్కడం అంటే కంట్రీ పాడేవాళ్ళకి అంతకంటే ఏం అక్కర్లేదు. లిస్టులో ఆమె పేరు లేదు. జిమ్మీ సి. న్యూమన్ అనే గాయకుడు తన వంతు ఆ పిల్లకి ఇచ్చేశాడు, పరిచయం చేసింది అప్పటికే పేరున్న గాయకుడు జానీ క్యాష్. వన్స్‌మోర్‌లు పడ్డాయి.

ఇది సినిమా అయితే ఇక్కడ పేపర్లో ఫొటోలు, వెనక పాట, తర్వాతి సీన్లో పెద్ద కారు. నిజంగా జరిగింది ఏంటంటే మర్నాడు కొండకి తిరిగెళ్ళి స్కూలుకి పోయింది. మేనమామ సెలవుల్లో ఆ పిల్లని మళ్ళీ మళ్ళీ నాష్‌విల్ తీసుకొచ్చేవాడు, హోటల్‌కి డబ్బుల్లేక ఇద్దరూ కారులోనే పడుకునేవాళ్ళు, పెట్రోల్ బంకుల్లో మొహం కడుక్కుని ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్ళు. 1962లో మెర్క్యురీ అనే పెద్ద కంపెనీ ఒక రికార్డు వేసింది. అదీ పోయింది. వాళ్ళు వదిలేశారు. స్కూలు బ్యాండులో డ్రమ్ము వాయించుకుంటూ మిగతా చదువు పూర్తి చేసింది.

1964లో చదువు అయిపోయిన రోజు సభలో ఒక్కొక్కళ్ళని లేపి మీరేం చేయబోతున్నారని అడిగితే నాష్‌విల్ వెళ్ళి స్టార్ అవుతా అంది. హాలంతా నవ్వింది. మర్నాడు బస్సు. అందరూ చెప్పే బస్సు ఇదే. అప్పటికి ఆమె పాడటం మొదలుపెట్టి ఎనిమిదేళ్ళు, రెండు రికార్డులు తన్నేశాయి, ఓప్రీ ఒకసారి ఎక్కి దిగింది, ఈ ఊరి వీధులు, ఏ ఆఫీసులో ఎవరుంటారు అన్నీ తెలుసు. నవ్వినవాళ్ళకి అవేం తెలీవు.

మధ్యదారిలో టైమ్ జోన్ మారి గడియారం గంట వెనక్కి వెళ్ళింది. నాన్న తన చేతి గడియారం మార్చనన్నాడు, అది ఎలాగూ ఒంగోలు టైమే చూపిస్తోంది.

శనివారం

బస్సు దిగిన రోజే డాలీ మాసిన బట్టలు తీసుకుని విషీ వాషీ అనే లాండ్రీకి వెళ్ళింది. కొండ మీద బట్టలు ఉతుక్కునే తీరిక కూడా లేకుండా బయల్దేరింది మరి. మిషన్లో బట్టలు వేసి బయట నిలబడితే ట్రక్కులో పోతున్న ఒక కుర్రాడు పలకరించాడు. అతనే కార్ల్ డీన్, తండ్రితో కలిసి తారు రోడ్లు వేసే పని. రెండేళ్ళకి రింగ్‌గోల్డ్. 2025 మార్చిలో ఆయన పోయేదాకా కలిసే ఉన్నారు, ఆయన కెమెరా ముందుకి వచ్చింది చాలా తక్కువ.

మేనమామ కుటుంబం అప్పటికే నాష్‌విల్‌లో ఉంది, మొదట వాళ్ళ దగ్గరే ఉంది, వాళ్ళ పిల్లాడిని చూసుకుంటూ. తర్వాత విడిగా ఉన్నప్పుడు తిండికి కటకట. హోటళ్ళ వరండాల్లో గదుల ముందు పెట్టేసిన ట్రేల్లో మిగిలినవి తిన్న రోజులున్నాయని తనే చెప్పింది.

1965లో మాన్యుమెంట్ రికార్డ్స్ తీసుకుంది. అయితే వాళ్ళు ఈ సన్నటి గొంతుకి కంట్రీ నప్పదన్నారు. టీనేజీ పిల్లలు వినే పాప్ పాటలు పాడించారు. ఒక్కటీ ఆడలేదు. నాకు ఈ కథలో అన్నిటికంటే చిరాకు తెప్పించే భాగం ఇదే. ఆ కొండ గొంతు, ఆ పలుకు, ఏది ఆమె బలమో దాన్నే లోపం అని రెండేళ్ళు దాచిపెట్టారు.

తలుపు తెరిచింది గొంతు కాదు, కలం. మేనమామతో కలిసి రాసిన 'పుట్ ఇట్ ఆఫ్ అంటిల్ టుమారో' అనే పాటని 1966లో బిల్ ఫిలిప్స్ అనే గాయకుడు పాడితే కంట్రీ చార్టులో ఆరో స్థానం దాకా వెళ్ళింది. వెనక రెండో గొంతు డాలీదే, రికార్డు మీద పేరు లేదు. రేడియో వాళ్ళు ఆ అమ్మాయి ఎవరని అడగడం మొదలుపెట్టారు. అప్పుడు కంపెనీకి జ్ఞానోదయం అయ్యి, సరే కంట్రీ పాడుకో అంది. 1967లో 'డంబ్ బ్లాండ్' ఇరవై నాలుగో స్థానం, తర్వాతది పదిహేడు. అంత బాగా రాసే మనిషికి మొదటి హిట్టు మాత్రం వేరేవాళ్ళు రాసిన పాట కావడం విచిత్రం, 'డంబ్ బ్లాండ్' కర్లీ పట్‌మన్ రాసింది.

అది చూసి పోర్టర్ వాగనర్ తన టీవీ షోకి పిలిచాడు. అప్పట్లో కంట్రీ టీవీలో ఆయనదే రాజ్యం. అంతకుముందు ఆయన పక్కన పాడిన నార్మా జీన్ అంటే జనానికి ప్రాణం, డాలీ స్టేజి ఎక్కితే నార్మా జీన్ ఏదని అరిచేవాళ్ళు. పోర్టర్ ఇద్దరూ కలిసి పాడే పాటలు పెట్టి మెల్లగా అలవాటు చేశాడు. ఆర్‌సీఏ కంపెనీలో చేర్పించాడు. 1968 మొదట్లో వాళ్ళ మొదటి డ్యూయెట్ టాప్ టెన్‌లోకి వచ్చింది. సొంతంగా మొదటి నంబర్ వన్, 'జాషువా', 1971.

ఇదంతా నాన్నకి ఆర్‌సీఏ స్టూడియో బి టూరు కోసం క్యూలో నిలబడి చెప్పాను. ఈ టూరు టికెట్టు కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ అనే మ్యూజియం దగ్గరే తీసుకోవాలి, వాళ్ళే బస్సులో మ్యూజిక్ రో వీధికి తీసుకెళ్తారు, శనివారం అయితే ముందే బుక్ చేసుకోండి. 1957లో కట్టిన మామూలు ఇటుక భవనం. రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ ఇక్కడ రెండొందలకి పైగా పాటలు రికార్డు చేశాడు. డాలీ పాట 'జోలీన్' కూడా ఈ గదిలోనే. మేం ఎక్కువసేపు నిలబడింది మాత్రం బయట గోడ దగ్గర. 1967లో ఇక్కడ మొదటి రికార్డింగుకి డాలీ ఆలస్యమైపోయి, హడావిడిగా వచ్చి కారుతో గోడని గుద్దేసింది. దిగి చూసుకోకుండా లోపలికి పరిగెత్తింది. ఇటుక పెచ్చు లేచిన చోటు అలాగే ఉంచారు, గైడు వేలు పెట్టి చూపిస్తాడు. అరచేతిలో సగం ఉంటుంది. అంచులు అందరూ తడిమి తడిమి నున్నబడ్డాయి, నాన్న కూడా తడిమాడు.

"ఈసారి మేనమామ డ్రైవింగ్ కాదన్నమాట" అన్నాడు.

సాయంత్రం రైమన్ ఆడిటోరియం. 1892లో చర్చి సభలకోసం కట్టింది, 1943 నుంచి 1974 దాకా ఓప్రీ ఇక్కడే, పదమూడేళ్ళ డాలీ ఎక్కింది ఈ స్టేజే. కుర్చీలు లేవు, చర్చి బల్లలే, వీపు నొప్పి గ్యారంటీ. వెనక సందు దాటితే ఊదారంగు టూట్సీస్ బారు, పాడేవాళ్ళు ఒక పాటకీ ఇంకో పాటకీ మధ్య అక్కడికి వెళ్ళొచ్చేవాళ్ళట. ముందువైపు బ్రాడ్‌వే వీధి సంగతి మాత్రం చెప్పక్కర్లేదు, మూడంతస్తుల బార్లు, ప్రతి అంతస్తులో ఒక బ్యాండు, పెళ్ళికూతురు పార్టీల కేకలు, ఏ పాట ఎక్కడిదో తెలీదు. నాన్న పదినిమిషాలు చూసి "పోదాం పద, పెరుగన్నం తిందాం" అన్నాడు.

ఆదివారం

పొద్దున బెల్‌వ్యూలో గణేశ గుడికి వెళ్ళి, ప్రసాదం తిని, ఐ-24 పట్టుకున్నాం. మాంట్‌ఈగిల్ కొండ దిగేదాకా నాన్న మాట్లాడలేదు, దిగాక ఆయన అడిగిన ప్రశ్న ఇది.

"పాట రాస్తే ఎంతొస్తది? పంట మనది, వేలంలో రేటు వాడిది అన్నట్టేనా ఇక్కడ కూడా?"

చాలామందికి అంతే. అందుకే డాలీ, మేనమామ ఇద్దరూ 1966లోనే సొంతంగా పాటల హక్కుల కంపెనీ పెట్టుకున్నారు, చేతిలో డబ్బులేని రోజుల్లో. తర్వాత 1974లో 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యు' పాటని ఎల్విస్ పాడతానంటే ఆమె ఎగిరి గంతేసింది, కానీ ఎల్విస్ మేనేజరు సగం హక్కులు కావాలన్నాడు. ఇవ్వనంది. ఆ రాత్రంతా ఏడ్చానని చెప్పింది. 1992లో అదే పాట విట్నీ హ్యూస్టన్ పాడాక ఆ ఏడుపు ఎంత లాభసాటిదో లోకానికంతా తెలిసింది.

"అది సరే, మేనమామకేం మిగిలింది?"

పెద్ద పేరేం రాలేదు. ఎన్నో పాటలు రాశాడు, డాలీవుడ్‌లో కుటుంబమంతా కలిసి చేసే షోలో చాలా ఏళ్ళు గిటారు వాయించాడు, 2021లో పోయాడు. ఆ హక్కుల కంపెనీ పేరు ఓవేపార్. ఓవెన్స్, పార్టన్, రెండు ఇంటిపేర్లు కలిపి పెట్టుకున్నారు, ముందు ఆయనదే.

నాన్న కాసేపు లెక్కలేవో వేసుకున్నాడు. తర్వాత, "మీ మామయ్య ఉన్నాడు చూడు, నీ ఎంసెట్‌కి నిన్ను స్కూటర్ మీద ఒంగోలు దింపడానికి పెట్రోల్ డబ్బులు నా దగ్గరే తీసుకున్నాడు. మిగిలిన చిల్లర ఇంతవరకు ఇవ్వలా" అన్నాడు.